గొలుసుకు కాస్త వదులు ఉండాలి: హన్స్ రెనాల్డ్ జీవితం



ఉదయం బడి గేటు దగ్గర ఒక్క ఐదు నిమిషాలు ఆగి, వచ్చే బండ్ల శబ్దం వినండి. హారన్లు కాదు, ఇంజన్లూ కాదు. వాటి కింద ఇంకో శబ్దం ఉంటుంది. కొన్ని బండ్లు వస్తుంటే కరకరమని, కొన్ని వస్తుంటే టకటకమని వినిపిస్తుంది. అది చైను శబ్దం. నూనె లేక ఎండిపోయిన చైను కరకరమంటుంది. అరిగి వదులైపోయిన చైను కవరుకు కొట్టుకుని టకటకమంటుంది. రెండూ చెప్పేది ఒకటే: నన్ను ఎవరూ చూడటం లేదు అని.

నల్లమాడ చుట్టుపక్కల ఊళ్లలో బండి అంటే కేవలం రోడ్డు మీద నడిచేది కాదు. పొద్దున పిల్లల్ని బడిలో దింపిన బండే తర్వాత చేనికి పోతుంది. గట్ల మీద, వంకల్లో, రాళ్ల దారిలో, ఎర్రమట్టి దుమ్ములో తిరుగుతుంది. ఎరువు బస్తా మోస్తుంది, బుడ్డల మూట మోస్తుంది, పశువులకు గడ్డి మోస్తుంది. వాన తక్కువ పడే మన సీమలో దుమ్ముకు కొదవ లేదు. ఆ దుమ్ము ఇంజను లోపలికి పోకుండా ఫిల్టరు ఉంటుంది. చైనుకు మాత్రం అలాంటి రక్షణ చాలా తక్కువ. సాయంత్రం మళ్లీ అదే బండి మీద, అదే చైనును నమ్ముకుని, మన బిడ్డ ఇంటికి వస్తుంది.

ప్రతి నెలా ఈ పేజీలో ఒక మహనీయుడి జీవితం చెప్పుకుంటున్నాం. ఈ నెల చెప్పుకోబోయే మనిషి పేరు ఇంజనీర్లకు బాగా తెలుసు, మనలో చాలామందికి తెలియదు. కానీ ఆయన చేసిన వస్తువు మన ఇంటి వాకిట్లోనే ఉంది. బండి చైను ఇప్పుడున్న రూపానికి రావడానికి కారణం ఆయనే. పేరు హన్స్ రెనాల్డ్.

స్విట్జర్లాండు నుంచి మాంచెస్టరుకు

హన్స్ రెనాల్డ్ 1852లో స్విట్జర్లాండులోని ఆరౌ అనే ఊళ్లో పుట్టాడు. జూరిచ్‌లోని పాలిటెక్నిక్‌లో చదువుకున్నాడు. 1873లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, ఇంగ్లాండు వచ్చి మాంచెస్టరు నగరంలో స్థిరపడ్డాడు.

మాంచెస్టరు పేరు మన ప్రాంతానికి కొత్త కాదు. అక్కడి మిల్లు గుడ్డ మన దేశపు మగ్గాల మీద కొట్టిన దెబ్బ గురించి పిల్లలు చరిత్ర పుస్తకాల్లో చదువుతూనే ఉన్నారు. ఆ రోజుల్లో ప్రపంచంలో నూలు మిల్లులకు అంత పేరున్న నగరం ఇంకొకటి లేదు. ఆ మిల్లుల్లో వేల యంత్రాలు. ఒక చక్రం తిరిగితే ఇంకో చక్రం తిరగాలంటే మధ్యలో తోలు పట్టా గానీ, తాడు గానీ, గొలుసు గానీ ఉండాలి. పట్టా జారుతుంది. తాడు సాగుతుంది. గొలుసు జారదు, కానీ అరిగిపోతుంది. అరిగిన గొలుసు పళ్ల మీద నుంచి తప్పుకుని యంత్రాన్ని ఆపేస్తుంది.

యువకుడైన రెనాల్డ్ మొదట యంత్రాలు ఎగుమతి చేసే ఒక సంస్థలో పని చేశాడు. తర్వాత 1879లో, మాంచెస్టరును ఆనుకుని ఉన్న సాల్ఫర్డ్‌లో జేమ్స్ స్లేటర్ అనే వ్యక్తికి చెందిన ఒక చిన్న కార్ఖానాను కొన్నాడు. అక్కడ మిల్లు యంత్రాలకు గొలుసులు తయారు చేసేవారు. అప్పటికి రెనాల్డ్ వయసు ఇరవై ఏడు.

ఆ వయసులో పేరు ప్రతిష్ఠలు కావాలనుకునే వాళ్లు రైలింజన్ల వైపు, ఓడల వైపు చూస్తారు. ఆయన ఒక చిన్న గొలుసుల దుకాణం కొన్నాడు. ఎవరికీ గొప్పగా కనిపించని వస్తువును ఎంచుకుని, అందులో ఏం తప్పుందో చూడటం మొదలుపెట్టాడు.

తప్పు ఎక్కడుంది?

గొలుసు ఆలోచన ఆయనది కాదు. లియొనార్డో డావిన్సీ నోటు పుస్తకాల్లోనే పళ్ల చక్రాల మీద నడిచే గొలుసు బొమ్మలు ఉన్నాయి. 1829లో ఫ్రాన్సు దేశస్థుడు ఆంద్రే గాల్ ఒక రకం గొలుసుకు పేటెంటు తీసుకున్నాడు. కానీ పాత గొలుసుల్లో ఒక లోపం ఉండేది.

మీ బండి చైను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇనుప పలకలు రెండు వైపులా ఉంటాయి. వాటిని కలుపుతూ అడ్డంగా పిన్నులు ఉంటాయి. గొలుసు చక్రం మీదికి ఎక్కినప్పుడల్లా ఆ పిన్ను దగ్గర వంగుతుంది, దిగినప్పుడు మళ్లీ తిన్నగా అవుతుంది. మన మోకాలి కీలు లాగా అన్నమాట. పాత గొలుసుల్లో పిన్ను పలక రంధ్రంలోనే నేరుగా రాసుకునేది. పలక మందం ఎంత? సన్నని రేకంత. యంత్రం లాగే బలమంతా ఆ సన్నని అంచు మీద పడేది. అంత తక్కువ చోట అంత బరువు పడితే లోహం త్వరగా అరిగిపోదా?

1880లో రెనాల్డ్ దీనికి విరుగుడు కనుక్కున్నాడు. రెండు లోపలి పలకల మధ్య ఒక చిన్న గొట్టం బిగించాడు. దాన్నే ఇప్పుడు మెకానిక్కులు బుష్షు అంటారు. పిన్ను ఇక పలక అంచు మీద కాకుండా ఆ గొట్టం లోపల, దాని వెడల్పంతా ఆనుకుని తిరుగుతుంది. బరువు ఒక్క చోట పడకుండా పరుచుకుంటుంది. బుష్షు పైన ఇంకో చిన్న ఉంగరం లాంటిది వదులుగా తొడిగారు. అది రోలరు. చక్రం పన్ను తగిలినప్పుడు రోలరు దొర్లుతుంది కాబట్టి ఒరిపిడి తగ్గుతుంది.

చూడటానికి ఎంతో చిన్న మార్పు. తలమీద బిందె పెట్టుకునే ముందు మన అవ్వలు గుడ్డతో చుట్టకుదురు చేసుకుని పెట్టుకుంటారే, దాదాపు అదే తెలివి. బరువు తగ్గదు. పడే చోటు పెరుగుతుంది. ఆ తేడాతోనే గొలుసు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరిగింది. బుష్ రోలర్ చైను అని పేరు పడిన ఆ గొలుసు నిర్మాణం నూట నలభై ఏళ్లు దాటినా మారలేదు. ఇప్పుడు మీ బండికి ఉన్నదీ అదే.

ప్రపంచాన్ని కదిలించిన గొలుసు

గొలుసుకు మంచి రోజులు వెంటనే వచ్చాయి. ఆ కాలపు సైకిలుకు ముందు చక్రం మనిషెత్తు ఉండేది, పెడల్ నేరుగా ఆ చక్రానికే బిగించేవారు. పడితే తల పగిలేది. 1885లో ఇంగ్లాండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ అనే సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు, మధ్యలో పెడల్, అక్కడి నుంచి వెనక చక్రానికి గొలుసు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు, పిల్లలు కూడా తొక్కగలిగిన సైకిలు అక్కడి నుంచే వ్యాపించింది. నమ్మకమైన గొలుసు లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు. మన ఆడపిల్లలు సైకిలెక్కి పక్క ఊరి హైస్కూలుకు పోతున్నారంటే అందులో ఆ గొలుసు వాటా కూడా ఉంది.

1903 డిసెంబరు 17న అమెరికాలో రైట్ సోదరులు ఎగరేసిన విమానంలో కూడా ఇంజను నుంచి రెండు ప్రొపెల్లర్లకు శక్తి అందించింది గొలుసులే. వాళ్లు సైకిలు షాపు నడిపినవాళ్లు కదా. ఆ గొలుసులు అమెరికాలో తయారైనవి, రెనాల్డువి కావు. కానీ అప్పటికే గొలుసు మీద ప్రపంచానికి అంత గురి కుదిరింది.

దారి లేని చోట నడిచే బండి చైనుకు పెద్ద పరీక్ష 1916లో ఎదురైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైన్యం మొదటిసారి ట్యాంకులను యుద్ధభూమికి తెచ్చింది. ఆ తొలి ట్యాంకుల్లో ఇంజను బలాన్ని పట్టాల వైపుకు చేరవేసేందుకు లావైన రోలరు గొలుసులు వాడారు. ఆ యుద్ధభూమి అంతా బురద. బురద చేరిన గొలుసు ఎంత బలమైనదైనా త్వరగా అరిగిపోతుంది. గొలుసు తెగేది బరువు వల్ల మాత్రమే కాదు, కీలులోకి చేరిన మట్టి వల్ల కూడా. మన చేని దారుల్లో జరిగేదీ అదే. అక్కడ బురద, ఇక్కడ దుమ్ము.

వారానికి 48 గంటలు

రెనాల్డ్ కార్ఖానా పెరిగింది. మాంచెస్టరు నగరంలోనే పెద్ద చోటికి మారింది, తర్వాత నగరం శివార్లలోని బర్నేజ్‌లో విశాలమైన ఫ్యాక్టరీ వచ్చింది. శుభ్రత, క్రమం, కొలత ఆయనకు ముఖ్యం. గొలుసులో నూరుకు పైగా కీళ్లుంటాయి. ఒక్కో కీలులో వెంట్రుకవాసి తేడా ఉన్నా మొత్తం మీద అది వేళ్లతో కొలిచేంత తేడా అవుతుంది. కాబట్టి అందాజా పని ఆయనకు గిట్టేది కాదు.

1896లో ఆయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. తన ఫ్యాక్టరీలో వారానికి 48 గంటల పని పెట్టాడు. అప్పట్లో బ్రిటన్ ఇంజనీరింగు కర్మాగారాల్లో 53, 54 గంటలు మామూలు. ఎక్కువ గంటలు పని చేయిస్తేనే ఎక్కువ సరుకు వస్తుందని యజమానులు గట్టిగా నమ్మే కాలం అది. చట్టం ఏదీ బలవంతం చేయకుండానే ఆయన ముందుగా గంటలు తగ్గించిన కొద్దిమంది యజమానుల్లో ఒకడయ్యాడు.

ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ మొదలుపెట్టిన శాస్త్రీయ నిర్వహణ పద్ధతిని బ్రిటన్‌లో మొదట అందుకున్న వారిలో రెనాల్డ్ ఒకడు. ప్రతి పనికీ సమయం కొలవడం, ప్రతి కదలికనూ లెక్కగట్టడం ఆ పద్ధతిలో భాగం. గడియారం పట్టుకుని పక్కన నిలబడితే ఏ కార్మికుడికి నచ్చుతుంది? అలాంటి పద్ధతుల మీద చాలా దేశాల్లో కార్మికులు తిరగబడ్డారు. రెనాల్డ్ సంస్థ వేసిన తర్వాతి అడుగు ఇక్కడ గమనించదగ్గది. యుద్ధకాలానికి ఆయన కొడుకు చార్లెస్ రెనాల్డ్ బాధ్యతలు అందుకుంటున్నాడు. కార్మికుల ప్రతినిధులతో కూర్చుని మాట్లాడే కమిటీలు పెట్టారు. అలాంటి కమిటీల గురించి చార్లెస్ 1917లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. కొలవడం నేర్చుకున్న తండ్రి, వినడం కూడా నేర్చుకోవాల్సి వచ్చిన కొడుకు. ఒక సంస్థ నిలబడటానికి రెండూ కావాల్సి వచ్చాయి.

1930లో రెనాల్డ్ సంస్థ, ఇంగ్లాండులోని మరో పెద్ద గొలుసుల సంస్థ కొవెంట్రీ చైన్ కలిసిపోయాయి. హన్స్ రెనాల్డ్ 1943లో, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన పేరుతో సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. మనకు దగ్గర్లోనే, కోయంబత్తూరులో, రోలాన్ పేరుతో బండ్ల గొలుసులు చేసే ఎల్.జి. బాలకృష్ణన్ అండ్ బ్రదర్స్ ఉంది. పరిశ్రమల గొలుసుల కోసం 2008లో రెనాల్డ్ సంస్థ వాళ్లతో చేతులు కలిపింది. సాల్ఫర్డ్‌లోని ఆ చిన్న దుకాణం ప్రయాణం మన పక్క రాష్ట్రం దాకా వచ్చింది.

మన వాకిట్లోని చైను

ఇప్పుడు మన బండి దగ్గరికి వద్దాం. చైను సాగింది అంటుంటాం. నిజానికి ఇనుప పలకలు సాగవు. పిన్నుకూ బుష్షుకూ మధ్య లోహం అరుగుతుంది. ఒక్కో కీలులో ఆ అరుగుదల 0.1 మిల్లీమీటరే అనుకోండి. కంటికి కనపడదు. కానీ చైనులో 116 కీళ్లుంటే మొత్తం 11.6 మిల్లీమీటర్లు. సెంటీమీటరు దాటిపోయింది. అరిగేది ఎప్పుడూ లోపలే, మనం చూడలేని చోటే.

ఎందుకంత అరుగుతుందో ఇంకో లెక్క. మామూలు బండి వెనక చక్రం చుట్టుకొలత రెండు మీటర్లకు కొంచెం తక్కువ. వెనక స్ప్రాకెట్‌కు 42 పళ్లు, చైనుకు 116 లింకులు అనుకుంటే, ఒక కిలోమీటరు దూరానికి చైను సుమారు 190 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులో ప్రతి కీలూ నాలుగు సార్లు కదులుతుంది: ముందు స్ప్రాకెట్ మీదికి ఎక్కుతూ, దిగుతూ, వెనక దాని మీదికి ఎక్కుతూ, దిగుతూ. అంటే కిలోమీటరుకు 750 సార్లకు పైగా. బడికి రానుపోను 20 కిలోమీటర్లు అనుకుంటే రోజుకు 15,000 సార్లు. మధ్యలో ఎర్రమట్టి చేరితే అది గరుకు కాగితం పని చేస్తుంది.

కాబట్టి ఈ కింది పనులు అలవాటు చేసుకోండి.

శుభ్రం చేయడం: బండిని సెంటరు స్టాండు మీద పెట్టండి. ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకోండి. ఇంజను నడుస్తుండగా, గేరులో చక్రం తిరుగుతుండగా చైను తుడవడం ప్రమాదం. వేళ్లు పోయేది ఇలాగే. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, కిరోసిన్ తడిపిన మెత్తని బ్రష్షుతో చైను కింది వరుసను, వెనక స్ప్రాకెట్‌కు దూరంగా, శుభ్రం చేయండి. ఇనుప తీగల బ్రష్షు వద్దు, పెట్రోలు వద్దు. కొన్ని బండ్ల చైన్లలో కీళ్ల దగ్గర చిన్న రబ్బరు రింగులుంటాయి. గట్టి బ్రష్షు, పెట్రోలు వాటిని పాడు చేస్తాయి.

నూనె వేయడం: పొడి గుడ్డతో తుడిచి ఆరిన తర్వాత చైను లూబ్రికెంటు గానీ, మాన్యువల్‌లో చెప్పిన గేరు ఆయిలు గానీ చైను లోపలి వైపు పట్టించండి. కాసేపు ఆగి, పైన మిగిలిన జిడ్డును తుడిచేయండి. చాలామంది ఇక్కడే పొరపడతారు. నూనె కీలు లోపల ఉండాలి, పైన కాదు. పైన జిడ్డు ఉంటే దుమ్ము పట్టుకుని గరుకు కాగితం మనమే తయారు చేసినట్టవుతుంది. వాడిన పాత ఇంజనాయిలు కూడా మంచిది కాదు. అందులో ఇప్పటికే లోహపు పొడి, మసి ఉంటాయి. చాలా బండ్లకు 500 కిలోమీటర్లకు ఒకసారి నూనె వేయమంటారు. చేని దారిలో తిరిగే బండికి, వానలో తడిసిన బండికి ఇంకా ముందే వేయాలి.

వదులు చూడటం: చైను కింది వరుసను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. ఎంత కదలాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. చాలా మామూలు బండ్లకు అది 20 నుంచి 30 మిల్లీమీటర్లు. చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట కొలవండి. ఎక్కువ వదులైతే చైను జారి పడుతుంది. కానీ శబ్దం వస్తోందని తంతిలా బిగిస్తే అదీ తప్పే. గుంతలో బండి ఎగిరినప్పుడు వెనక చక్రం పైకీ కిందికీ కదులుతుంది, చైనుకు ఆ మేరకు జాగా కావాలి. అది లేకపోతే కీళ్లు, బేరింగులు, స్ప్రాకెట్లు అన్నీ ముందే అరిగిపోతాయి. బిగించేటప్పుడు చక్రానికి రెండు వైపులా ఉన్న గీతలు సమానంగా ఉండేట్టు చూసుకోండి.

మార్చడం: వెనక స్ప్రాకెట్ పళ్లు నిటారుగా కాకుండా ఒక పక్కకు వాలి కొక్కేల్లా కనిపించినా, బిగించిన కొద్ది రోజులకే మళ్లీ వదులైనా, చక్రం వెనక వైపు చైనును వేళ్లతో లాగితే పళ్ల మీద నుంచి పైకి లేచినా, మార్చే సమయం వచ్చినట్టే. ఖర్చు తగ్గుతుందని ఒక్క చైను మాత్రమే మార్చకండి. అరిగిన పళ్ల మీద కొత్త చైను కూడా త్వరగా అరుగుతుంది. ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్, చైను మూడూ సెట్టుగా మార్చాలి. వదులైందని లింకు కోసి పొట్టి చేయించడం తాత్కాలికంగా శబ్దం ఆపుతుందే గానీ అరిగిన కీళ్లను బాగు చేయదు. లాక్ లింకు ఉన్న చైనైతే క్లిప్పు మూసి ఉన్న కొస చైను నడిచే దిక్కుకు ఉండాలని మెకానిక్కుకు గుర్తు చేయండి. క్లిప్పు తిరగేసి పెడితే ఊడిపోయే అవకాశం ఉంది.

ఇంత ఎందుకు చెప్పాలంటే, వేగంలో తెగిన చైను కొన్నిసార్లు కింద పడిపోదు. ముందు స్ప్రాకెట్ దగ్గర చుట్టుకుపోతుంది. ఇంజను కేసు పగలొచ్చు, వెనక చక్రం ఒక్కసారిగా పట్టేయొచ్చు. ఆ సమయానికి ముందు ఒక బిడ్డ, వెనక ఒక బిడ్డ కూర్చుని ఉంటారు. ఇంకో మాట. చేని దారిలో మట్టి ఇరుక్కుంటోందని కొందరు చైను కవరు తీసేస్తారు. ఆ బండి మీదే వెనక కూర్చున్న అమ్మ చీర కొంగు, అమ్మాయి చున్నీ చైనులో చిక్కుకుంటాయి. కవరు తిరిగి పెట్టించండి. పెట్టించే దాకా ఆ బండి మీద చీరలో, చున్నీతో ఎవరినీ కూర్చోబెట్టకండి.

ఈ ఆదివారం పిల్లలతో

ఆరు, ఏడు తరగతులు దాటిన పిల్లలున్న ఇంట్లో ఈ పని చేసి చూడండి. స్కేలు, పెన్సిలు, కాగితం చాలు. ఇంజను ఆపి, తాళం చెవి మీ దగ్గర పెట్టుకోండి. చక్రం మీరు మాత్రమే తిప్పండి. పిల్లల వేళ్లు స్ప్రాకెట్ దగ్గరికి పోకూడదు. చైను కింది వరుసను కొంచెం బిగువుగా లాగి పట్టుకుని, ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 20 లింకులు లెక్కించి, ఇరవయ్యో లింకు చివరి పిన్ను మధ్య దాకా ఎంతుందో పిల్లలతో కొలిపించండి. చాలా మామూలు బండ్ల చైనులో ఒక్కో లింకు కొలత 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. కొత్తదైతే 20 లింకులకు 254 మిల్లీమీటర్లు రావాలి. మీ చైనుకు ఎంత వచ్చింది? ఎంత శాతం పెరిగింది? 256.5 వస్తే దాదాపు ఒక శాతం. 259 వస్తే దాదాపు రెండు శాతం, ఇక మెకానిక్కు దగ్గరికి పోవాల్సిందే. మాన్యువల్‌లో హద్దు రాసి ఉంటే దాన్నే పాటించండి. పాఠ్యపుస్తకంలో శాతాలు చేసిన బిడ్డ, తన ప్రాణం మోస్తున్న వస్తువుకు శాతం కట్టడం ఇదే మొదటిసారి కావచ్చు.

ఆ కాగితం తిరగేసి ఇంకో లెక్క కూడా వేయండి. మీ బిడ్డ వారానికి ఎన్ని గంటలు చదువుతోంది? బడి గంటలు, స్టడీ అవర్లు, ట్యూషన్, ఇంటి దగ్గర హోంవర్కు, ఆదివారం పరీక్ష, అన్నీ కలపండి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులు బడిలో ఉంటేనే 48 గంటలు అయిపోయాయి. 1896లో రెనాల్డ్ తన ఫ్యాక్టరీలో పెద్దవాళ్లకు పెట్టిన హద్దు అంతే. ఆ పైన మనం ఎన్ని గంటలు కలుపుతున్నాం? ఈ లెక్క మీకోసమే కాదు, టైంటేబుల్ వేసే మా కోసం కూడా. వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి ఆ కాగితం తీసుకురండి. కూర్చుని మాట్లాడదాం.

ఎందుకంటే పిల్లల్లో కూడా అరుగుదల బయటికి కనపడదు. మార్కుల పట్టీ నిగనిగలాడుతూనే ఉంటుంది. నిద్ర తగ్గడం, అన్నం దగ్గర మౌనంగా ఉండటం, చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకోవడం, ఇవే ఆ కరకర శబ్దం. దానికి జవాబు ఇంకా బిగించడం కాదు, పూర్తిగా వదిలేయడమూ కాదు. ఎంత వదులు కావాలో చూసి, అంత ఉంచడం.

సాయంత్రం బడి వదిలే వేళ మళ్లీ గేటు దగ్గర కలుద్దాం. ఈసారి మీ బండి చప్పుడు లేకుండా వస్తుందని ఆశిస్తున్నాం.